కర్రలు తెచ్చుకోండి

ఒక మాట నోరు దాటిన తర్వాత ఎవరిది? అన్నవాడిదా, విన్నవాడిదా?

మగ్గం గుంటలో కాళ్ళు జార్చుకుని, పోగు నడిపే నాడెను అరచేతిలో పెట్టుకుని, ఒక్క పోగూ నేయకుండా కూర్చున్న మహానంది ఆ ప్రశ్నను మళ్ళీ తనకు తానే వేసుకున్నాడు. రైలు మీద రాయి పడిన నాటినుంచి అది అతన్ని వదలడం లేదు. అన్నం ముందు కూర్చుంటే పక్కన వచ్చి కూర్చుంటోంది. నీళ్ళు తాగబోతే గొంతుకు అడ్డం పడుతోంది. జవాబు దొరకనందుకు అతనికి బాధ లేదు. దొరికితే ఆ వెంటనే లేచి ఏదో చేయవలసి వస్తుందని తెలుసు. అందుకే దొరకకుండా ఉంటే బాగుండునని లోలోపల కోరుకుంటున్నాడు.

వీధిలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడిచారు. మహానంది నాడెను బిగించి పట్టుకున్నాడు. చప్పుడు గుమ్మం దగ్గర కాస్త నిదానించి, దాటిపోయింది. పట్టు సడలించి చూసుకుంటే నాడె చెమటతో తడిసి ఉంది.

"మగ్గం ఆడట్లేదేమి?" గిరిజమ్మ వంటింట్లోంచి అడిగింది.

మగ్గం ఆడితే చప్పుడవుతుంది. ఆ చప్పుడు పోలీసుల దగ్గర ఉన్న రికార్డింగులోనూ ఉంది. నోరు తెరిస్తే గొంతు వినబడుతుంది. ఆ గొంతు కూడా వాళ్ళ దగ్గర ఉంది.

జరిగింది చెప్పుకుంటే చాలా చిన్నది.

ఎమ్మిగనూరులో ఇప్పుడు చాలా ఇళ్ళకు పడుగు మిల్లు నుంచే తయారై వస్తుంది. మహానంది వీధిలో మాత్రం కొన్ని ఇళ్ళవాళ్ళు పాత పద్ధతి వదల్లేదు. బట్టకు నిలువు పోగులన్నీ కలిసినదే పడుగు. దాన్ని తెల్లవారకముందే వీధి పొడవునా సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. ఎండ ముదిరితే గంజి బిరుసెక్కి పోగులు తెగుతాయి. కనుక అది ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగువాళ్ళు తమ తమ కర్రలు తెచ్చి తలా ఒకచోట నిలబడాలి. మహానంది ఉండే వీధి పొట్టిది. పడుగు మలుపు దాటి అడ్డరోడ్డు మీదికి పోతుంది. పని పూర్తయ్యేదాకా ఆ దారిన వచ్చే బండ్లు ఆగవలసిందే. క్రితంసారి ఒక ఆటోవాడు తగువు పెట్టుకుని పోలీసును కూడా పిలుచుకొచ్చాడు.

ముందురోజు సాయంత్రం గడపగడపకూ వెళ్ళి పిలవడం వాడుక. ఈసారి మహానందికి మోకాలు నొప్పిగా ఉంది. కొడుకు హరికృష్ణ అప్పుడే ఫోను మగ్గం పక్కన పెట్టి నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళాడు. వీధివాళ్ళందరికీ కలిపి ఒక గ్రూపు ఉందనీ, మైకు బొమ్మను నొక్కిపట్టి మాట్లాడితే అందరికీ చేరుతుందనీ మహానంది చూసి ఉన్నాడు. తెరలో అన్నిటికన్నా పైన కనబడినదాన్ని తెరిచాడు. నొక్కిపట్టాడు. పక్క మగ్గం మీద గిరిజమ్మ నేస్తూనే ఉంది.

"అప్పా, అందరూ వినండి. రేపు తెల్లారకముందే రావాల. ఎవురి కర్రలు వాళ్ళు తెచ్చుకోండి. దారికి అడ్డంగా కట్టేది. పనయ్యేదాకా బండ్లు యావీ పోనీయొద్దు. యాడన్నా తెగితే ఆడున్నోళ్ళు ఆడనే పట్టుకోండి, ఇడ్సిపెట్టి పోవద్దు. పోలీసోళ్ళొచ్చినా నేను చెప్పుకుంటా."

పడుగు అన్న మాట అందులో లేదు. ఆ వీధిలో ఆ మాట అనవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. కర్రలు తెమ్మంటే దేనికని అడిగేవాడు అక్కడ లేడు.

కానీ ఆ గ్రూపు వీధిది కాదు. సైన్యంలో చేరాలని ఆదోని గ్రౌండులో పరుగులు తీసే కుర్రాళ్ళది.

ఆ కుర్రాళ్ళు పరుగు గెలిచారు. వైద్య పరీక్ష గెలిచారు. రాత పరీక్ష కోసం కనిపెట్టుకుని ఉంటే, అది వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి ఆ వారంలో రద్దయింది. ఇకనుంచి నాలుగేళ్ళ కొలువేననీ, ఆ తర్వాత ఎక్కువమంది ఇంటికి రావలసిందేననీ వార్త వచ్చింది. గ్రూపులో అందరూ ఉడికిపోతున్నారు. ఏదో ఒకటి చేయాలని అందరూ అంటున్నారు. ఏమిటన్నది ఎవరూ అనడం లేదు. సరిగ్గా అప్పుడు వాళ్ళ మధ్య ఒక పెద్దమనిషి గొంతు పడింది. అందులో తడబాటు లేదు.

మరునాడు తెల్లవారేసరికి ఆదోని అవతల ఒక రైల్వే గేటు దగ్గర కుర్రాళ్ళు కర్రలతో నిలబడ్డారు. బండ్లంటే రైలుబండ్లే అనుకుని రైలు ఆపారు. కేకలు వేశారు. అంతవరకే అనుకున్నారు. ఎటునుంచో ఒక రాయి వచ్చి ఇంజను అద్దానికి తగిలింది. గాజుపెంకు డ్రైవరు కంట్లో గుచ్చుకుంది.

ఆ సమయానికి మహానంది, ఫోనులో చెప్పినా ఒక్కరూ రాలేదని విసుక్కుంటూ, కుంటుతూ గడపగడపకూ తిరిగి మనుషులను పోగుచేసుకుని పడుగు పరుస్తున్నాడు. మలుపులో కర్ర పట్టుకుని నిలబడింది హరికృష్ణే. ఆ పొద్దు వాడి చేతిలోనూ కర్ర ఉంది, ఆదోనిలో వాడి స్నేహితుల చేతుల్లోనూ కర్రలున్నాయి.

మధ్యాహ్నం ఫోను తెరిచి చూసిన కొడుకు ముఖం మహానందికి ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. వాడు ఆ మాటలను గ్రూపులోంచి తుడిచేశాడు. అప్పటికే అవి చేతులు మారి, పంపినవాడి నంబరు లేకుండా, జిల్లా అంతటా తిరుగుతున్నాయి. ఎవరి ఫోనునుంచి వచ్చాయో తెలిసిన కుర్రాళ్ళు ఫోన్లు ఆపేసి బంధువుల ఊళ్ళకు చెదిరిపోయారు. పోలీసులకు చిక్కినవాడు ఒక్కడే, రామాంజి. చిప్పగిరి దగ్గర పల్లెవాడు. ఆదోనిలో హరికృష్ణతో ఒకే గదిలో ఉండి, సెలవు దొరికినప్పుడల్లా ఈ ఇంట్లో అన్నం తిన్నవాడు.

నిన్న పొద్దున మహానంది టీ అంగడిలో ఉండగా కానిస్టేబుల్ శేషన్న వచ్చాడు. అప్పటికి అక్కడ గొడవ మంచి పాకాన ఉంది.

"దేశానికి కాపలా కాసేటోళ్ళు రైలు మీద రాళ్ళేస్తారా? ఇట్లాటోళ్ళ చేతికా తుపాకీ ఇచ్చేది?" అంటున్నాడు బట్టల అంగడి అయ్యన్న.

సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన దావీదు గ్లాసు కింద పెట్టాడు. "అయ్యన్నా, నీ అంగట్లో గుమాస్తాను నాలుగేండ్లకని పెట్టుకుంటావా? బట్ట కొలిచేది, గిరాకీని మాట్లాడేది అంతా నేర్చుకున్నాక, ఇంగ నువ్వు ఇంటికి పో నాయనా అంటావా?"

"నా అంగడికీ దేశానికీ పోలికేందప్పా?"

"నేనూ అదే అడుగుతాండా. రాయేసినోడు కంటబడితే నేనే తంతా. రాయి వేరే, వాళ్ళు అడిగేది వేరే. రెండూ ఒకే మూట గట్టాకు."

"మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండి," అని శేషన్న బల్ల మీద ఫోను పెట్టాడు. "ముందు దీన్ని వినండి."

అప్పా, అందరూ వినండి.

తన గొంతు తన ఎదురుగా బల్ల మీద కూర్చుని మాట్లాడుతోంది. అది ఇంత గట్టిగా ఉంటుందని అతనికి తెలియదు. కర్రలు తెచ్చుకోండి అంటోంది. బండ్లు పోనీయొద్దు అంటోంది. ఈ మనిషి ఎవరో తెలియకుండా వింటే తనకే భయం వేసి ఉండేది.

"యెనక మగ్గం ఆడతాండాది, వినపడిందా?" అన్నాడు శేషన్న. "అంటే ఈ ఊరోడే. ఎవురిదప్పా ఈ గొంతు?"

అంగడిలో ఎవరూ కదల్లేదు. ఏళ్ళ తరబడి పొద్దున్నే ఆ గొంతు పిలిస్తే కర్ర పట్టుకుని వచ్చినవాళ్ళు అక్కడ సగం మంది ఉన్నారు.

"ఇంగోసారి ఎయ్యండి సార్," అన్నాడు గోవిందన్న. మహానంది పక్కింటి నేతగాడు అతను. చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని మళ్ళీ అంతా విన్నాడు. "మా మామది మాదిరే ఉండాది సార్."

"యాడుంటాడు?"

"పోయినేడు పోయినాడు సార్, పాపం. పట్టుకుంటే నాకూ రవ్వంత కబురు చెయ్యండి. నా గొడుగు ఆయప్ప కాడనే ఉండాది."

అంగడి అంతా ఒక్కసారిగా నవ్వింది. శేషన్నకూ నవ్వు వచ్చింది గానీ మింగేశాడు. "నవ్వండప్పా, నవ్వండి. ఆ డ్రైవరుకు కన్ను పోయిందంటే అప్పుడెవురూ నవ్వరు." తర్వాత మహానంది వైపు తిరిగాడు. "నువ్వేమంటావు పెద్దాయనా? విన్నట్టుందా యాడన్నా?"

మహానంది గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతినే అడ్డంగా ఊపాడు.

"ఆయప్పకు గొంతు పట్టింది సార్," గోవిందన్న అందుకున్నాడు. "మాటే రాలే. వాళ్ళింటామె నీలకంఠేశ్వరునికి టెంకాయ కొట్టింది, ఇట్లనే ఉండనీ సామీ అని."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల మధ్య గోవిందన్న చూపు ఒక్క క్షణం మహానంది మీద ఆగి పక్కకు పోయింది. వీధికంతటికీ తెలుసు.

అది పడుగు పిలుపు సార్ అని వాళ్ళలో ఒక్కరైనా చెప్పవచ్చు. ఎందుకు చెప్పలేదో మహానందికి తెలుసు. ఆ పొద్దు పడుగు ఎవరిది అన్నది రెండో ప్రశ్న అవుతుంది. ఫోను ఎవరిది అన్నది మూడోది. ఒక మనిషి కన్ను ఆసుపత్రిలో ఉన్నప్పుడు, కర్రలు గంజి పట్టించడానికే అంటే ఎవరు నమ్ముతారు? వాళ్ళు అతన్ని కాపాడుతున్నారు. ఆ దయ అతనికి గుండె మీద బండలా ఉంది. ఒకరి మౌనం వెనక దాక్కున్నవాడు ఎంతకాలం దాన్ని దాటి బయటికి రాకుండా ఉండగలడు?

ఆ మధ్యాహ్నమే సుంకులమ్మ వచ్చింది.

కొంగుతో చెమట తుడుచుకుంటూ గడప ముందు నిలబడిన మనిషిని గిరిజమ్మ వెంటనే గుర్తుపట్టలేదు. రామాంజి తల్లి. చేను పనులకు పోయే మనిషి. ఆదోనిలో కొడుకును చూసి, అక్కడినుంచి బస్సెక్కి వచ్చింది. చాప పరిచి చెంబుతో నీళ్ళిచ్చారు. చెంబు పక్కనే పెట్టుకుని కూర్చుంది. తాగలేదు. అడ్డంగా కట్టిన దుప్పటి వెనక హరికృష్ణ ఉన్నాడు. కింద వాడి కాలివేళ్ళు కనబడుతున్నాయి.

"ఎట్లుండాడమ్మా పిల్లోడు?" అంది గిరిజమ్మ.

"ఉండాడు. కొట్టలేదంట. అన్నం పెడతాండారంట. అయినా బెదిరిపోయినాడు వదినా. నిన్ను చూసి కూడా ఉలికిపడతాండాడేమే అని ఆడుండే పోలీసాయన అన్న్యాడు." ఆమె మహానంది వైపు తిరిగింది. "ఏమన్నా, బాగుండావా?"

మహానంది తల ఊపాడు. గిరిజమ్మ గబగబా అంది, "ఆయనకు గొంతు పట్టిందిమ్మా. మాటరాదు."

"అట్లనా," అంది సుంకులమ్మ. ఆమె చూపు మగ్గం మీదికి పోయింది. అక్కడినుంచి, మూలకు ఆనించిన కర్రల మీదికి. అక్కడే చాలాసేపు ఉంది.

"ఆ గొంతు ఎవురిదో చెప్తే కేసు వేరే దావన పోతాదని అంటాండారు. మావోడేమో, తెలుసు గానీ సెప్పను అంటాడంట. నేనడిగినా. మా, ఆయప్ప పిలిస్తే తప్పుడు పనుండదని పోయినా, అన్న్యాడు. ఎవురురా ఆయప్ప అంటే తలకాయ దించుకున్న్యాడు."

దుప్పటి కింద కాలివేళ్ళు వెనక్కి ముడుచుకున్నాయి.

"రాయి పడినాక అందరూ పరిగెత్తినారంట. మావోడు ఎంత పరిగెత్తుతాడో మీకు తెల్దా? వాడు పరిగెత్తలే. ఏరా నువ్వు ఏంటికి నిలబడుకున్న్యావురా అంటే ఏమన్నాడో తెలుసునా?" ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. "ఇడ్సిపెట్టి పోవద్దన్యాడు కద మా. పోలీసోళ్ళొచ్చినా నేను చెప్పుకుంటా అన్యాడు. వస్తాడులే అని చూస్తా నిలబడుకున్న్యా, అన్నాడు."

గిరిజమ్మ నీళ్ళ చెంబును ఆమె వైపు జరిపింది.

"ఈ దిక్కున నా కొడుక్కు అన్నం పెట్టిన ఇల్లు ఒక్కటే ఉండాదన్నా," అంది సుంకులమ్మ మెల్లగా. "నేను తిట్టను. పోలీసులకాడికి పోను. ఏంటికి పిలిచినావో ఆ ఒక్క మాట సెప్పు. ఏ పని అనుకోని పోయినాడో నా కొడుకు, నాకు తెలియాల. అంతే."

మహానంది నోరు తెరిచాడు. పడుగు అన్న మూడక్షరాలు నాలుక దాకా వచ్చాయి. దుప్పటి కదిలింది. అతను నోరు మూసుకున్నాడు. చెయ్యి తనంతట తానే పైకి లేచి గొంతు మీద ఆనింది.

సుంకులమ్మ ఆ చేతిని చూసింది. లేచింది. అన్నం తిని పొమ్మని గిరిజమ్మ వెంటపడినా ఆగలేదు. గడప దాటుతూ, "నలత తగ్గినాక మాట్లాడన్నా," అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే మహానంది తట్టుకునేవాడేమో.

ఆమె పోయిన తర్వాత హరికృష్ణ దుప్పటి తొలగించుకుని వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"నాయనా, నువ్వు నోరు తెరిస్తే ముందు నా ఫోను అడుగుతారు. కొత్తగా చేరేటోళ్ళకాడ రాయించుకుంటారంట, ఏ గొడవలోనూ లేనని. పోలీసు కాయితం కావాలంట. ఒక్క కేసు పడితే జన్మలో పోలేను."

"ఆ నాలుగేండ్ల కొలువు వద్దంటివి కదరా," మహానంది గుసగుసగా అన్నాడు. తన ఇంట్లో తాను గుసగుసలాడడం అతనికి ఇప్పుడు అలవాటయింది.

"అన్న్యా. వద్దనేది నేననాల. వాళ్ళు నన్ను వద్దనకూడదు."

"మరి రామాంజి?"

కొడుకు గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "నేనే పోయి చెప్దామని బయల్దేరినా. బస్టాండు కాడికి పోయినా. ఆదోని బస్సు కదిలినా ఎక్కలే. కాళ్ళు రాలే నాయనా. ఊపిరి తీయకుండా గ్రౌండు చుట్టూ పరిగెత్తేటోణ్ణి, బస్సు మెట్టెక్కలేకపోయినా. వాడు నాకోసం నోరు మూసుకోని ఆడ కూర్చున్న్యాడు. నేను ఈడ..."

మహానంది కొడుకు తల మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. వేస్తే ఏ అర్థంతో వేసినట్టు? భయపడు, ఫరవాలేదు అనా?

ఆ సాయంత్రమంతా అతను తన భయాన్ని పరీక్షగా చూశాడు. కొడుకు కోసం భయపడుతున్నానని అనుకుంటే మనసు కుదుటపడుతోంది. ఆ కుదుటపాటే అతనికి అనుమానం కలిగించింది. నిజంగా ఎదుటివాడి కోసం పుట్టిన భయం మనిషిని ఇంత నెమ్మదిగా కూర్చోనిస్తుందా? లాఠీ, లాకప్పు, నలుగురి ముందు చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోవడం, ఇవి తలుచుకున్నప్పుడు వణికేది కొడుకు ఒళ్ళు కాదు, తనది. ఇంకా లోతుకు పోతే మరొకటి కనబడింది. కొడుకు సైన్యానికి పోకుండా ఇంట్లో ఉండిపోతే బాగుండునన్న కోరిక. ఆ కోరిక పాతది. దాన్ని ఎన్నడూ బయటికి రానివ్వలేదు. ఆ రోజు పైన కనబడిన గ్రూపునే నొక్కిన వేలు దాని మాట విన్నదా? లేదు. వేలు తెలియక నొక్కింది. ఆ సంగతి అతనికి ఖాయంగా తెలుసు. అయినా, ఖాయంగా తెలిసినదాన్ని కూడా మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకునేలా చేసింది భయం.

తన మాటలను మొదటినుంచీ మనసులో వరసగా నడిపించుకున్నాడు. కర్రలు తెచ్చుకోండి. దాన్ని తప్పుగా విన్నారు. దారికి అడ్డంగా కట్టేది. అదీ తప్పుగానే విన్నారు. తెగితే ఆడనే పట్టుకోండి. తెగేది పోగు అని వాళ్ళకెట్లా తెలుస్తుంది? ఇవన్నీ విన్నవాళ్ళవి అయిపోయాయి. చివరి మాట దగ్గర ఆగాడు.

పోలీసోళ్ళొచ్చినా నేను చెప్పుకుంటా.

దీన్ని మాత్రం ఎవరూ తప్పుగా వినలేదు. తాను ఏ అర్థంలో అన్నాడో రామాంజి సరిగ్గా ఆ అర్థంలోనే విన్నాడు. విని, పరిగెత్తకుండా నిలబడ్డాడు. ఇంకా నిలబడే ఉన్నాడు.

ఈ పొద్దున అతను మగ్గం గుంటలో కూర్చుని ఉండగానే జీపు చప్పుడు వినబడింది. లేచి గుమ్మంలోకి వచ్చాడు.

జీపు వీధి చివర, పడుగు మలుపు తిరిగే చోటనే ఆగింది. ఎస్సై దిగాడు. శేషన్న దిగి, ఫోనును చిన్న స్పీకరుకు తగిలించాడు. ఇంటింటి దగ్గరా ఆగి వినిపిస్తూ వస్తున్నారు. ఒక్కొక్క తలుపూ మూసుకుంటున్న చప్పుడు వరసగా దగ్గరికి వస్తోంది. మగ్గాలన్నీ ఆగిపోయాయి. మగ్గాలు ఆగితే ఆ వీధి ఎలా ఉంటుందో మహానంది పుట్టి పెరిగాక ఎన్నడూ వినలేదు.

"లోపలికి రా నాయనా," అన్నాడు హరికృష్ణ. వాడి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "తలుపెయ్యి."

అప్పా, అందరూ వినండి, అంది స్పీకరు. గోవిందన్న ఇంటి ముందు.

మహానంది కాళ్ళు వణుకుతున్నాయి. అవి ఆగేదాకా చూద్దామని ఒక క్షణం నిలబడ్డాడు. అవి ఆగవని అర్థమయింది. భయం పోయాక కదులుదామనుకుంటే మనిషి ఎప్పటికీ కదలడు. ఇలాగే, వణుకుతున్న కాళ్ళతోనే పోవాలి. ఆ ఆలోచన ముగిసేలోపలే మూలకు పోయి కర్రలు చంకన పెట్టుకున్నాడు. కొడుకు ముందు చెయ్యి చాపాడు.

"ఫోను ఇయ్యి."

హరికృష్ణ కదల్లేదు.

"నొక్కింది నా వేలు. అదే చెప్తా. నమ్ముతారో లేదో నాకు తెల్దు. నీ కొలువు ఉంటాదో పోతాదో కూడా తెల్దురా. అట్లుంటాదని అబద్ధం చెప్పను." అతను ఇప్పుడు గుసగుసలాడడం లేదు. "ఇయ్యి."

వాడు తండ్రి చేతిని చూశాడు. వీధిలోకి చూశాడు. రామాంజి నిలబడిన గేటు అక్కడ కనబడుతున్నట్టు కాసేపు అటే చూసి, ఫోను తీసి తండ్రి అరచేతిలో పెట్టాడు.

గిరిజమ్మ గడపకు అడ్డం వచ్చింది. "యాడికి?"

"పడుగు పరచాల."

ఆమె అతని చంకలోని కర్రలను చూసింది. పక్కకు తప్పుకుంది. "మోకాలు నొప్పంటివి," అని మాత్రం అంది. "మెల్లగ దిగు."

మహానంది మెట్టు దిగి వీధి నడిమికి వచ్చాడు. స్పీకరులో అతని గొంతు కర్రలు తెచ్చుకోమంటోంది. దాని మీదికి తన గొంతు ఎత్తాడు. మొదటి మాట చీలింది. రెండోదానికి నిలబడింది. ఏళ్ళ తరబడి ఆ వీధిని లేపిన గొంతు అది.

"అప్పా, అందరూ రాండి! పడుగు పరచాల! ఎవురి కర్రలు వాళ్ళు తెచ్చుకోండి! పడుగప్పా, పడుగు! దారికి అడ్డంగా కట్టేది!"

ఫోను పట్టుకున్న శేషన్న చెయ్యి దిగిపోయింది. ఎస్సై తల తిప్పాడు. గోవిందన్న ఇంటి తలుపు కిర్రుమంది. అది తెరుచుకుంటోందో మూసుకుంటోందో చూడడానికి మహానంది ఆగలేదు. చంకలో కర్రలు, చేతిలో కొడుకు ఫోనుతో జీపు వైపు నడుస్తూ మిగిలిన మాట కూడా అనేశాడు.

"పోలీసోళ్ళొచ్చినా నేను చెప్పుకుంటా."